"అర్థం కాలేదు" బటన్

లెక్కల టీచరమ్మ, ఆమె ఆన్‌లైన్ పాఠాన్ని కత్తిరిస్తున్న ఎడిటర్ రికార్డింగ్ గదిలో ఒకే తెర ముందు కూర్చున్నారు.

"మేడం, పాఠం నిండా 'అర్థమైందా?' అని అడుగుతూనే ఉన్నారు. వీడియోకి ఎవరు జవాబు చెప్తారండీ? అవన్నీ తీసేశాను."

"మళ్ళీ పెట్టు బాబూ. అడిగిన ప్రతిచోటా 'అర్థం కాలేదు' అని ఒక బటన్ కూడా పెట్టు. నొక్కినవాళ్ళకి అదే లెక్క ఇంకోలా చెప్తాను."

"అమ్మో! అందరూ నొక్కేస్తే? కోర్సు బాగాలేదని కంపెనీ డైరెక్టర్ గారు నా ప్రాణం తీస్తారు."

"నొక్కనీ. క్లాసులో అడిగితే పిల్లలు సిగ్గుపడి గంగిరెద్దుల్లా తలూపేవాళ్ళు. ఇక్కడ పక్కవాడు చూసి నవ్వడు. నీ తెరకున్న గొప్పతనం అదొక్కటే. దాన్నీ కత్తిరిస్తావా?"

"నాదేముంది మేడం! పిల్లలు ఎక్కడా ఆగకుండా చివరిదాకా చూసెయ్యాలంటారు ఆయన."

"చూడ్డం వేరు, లెక్క రావడం వేరు. ఆ బటన్ లేకుండా నా పాఠం గడప దాటదు."

"దాటకపోతే మీ బదులు ఇంకొకరిని పెట్టుకుంటారు. మీ మంచికే చెప్తున్నాను. అర్థమైందా మేడం?"

టీచరమ్మ కుర్చీని ఇంకాస్త ముందుకు లాక్కుంది.

"అర్థం కాలేదు. ఆయన్నే వచ్చి ఇంకోలా చెప్పమను."