తీసుకుపొమ్మన్న ఏడాది

ఆస్ట్రేలియాలోని మాలీ ఇసుక నేలల్లో కోత ముగిసిన ఒక గోధుమ పొలం. దాని చివర తుప్పుపట్టిన, బ్లిట్జ్ రకం పాత సైనిక లారీ. దాని పక్కన ఇద్దరు. డెస్ టల్లీ పదకొండేళ్ళుగా ఏటా మార్చిలో నూటపాతిక కిలోమీటర్లు ప్రయాణించి వచ్చి ఆ లారీని అడుగుతున్నాడు, ఎర్విన్ క్రౌసే పదకొండేళ్ళుగా ఇవ్వనంటున్నాడు. ఇది పన్నెండోసారి.

"సరే, తీసుకుపో."

"అదే నేననేది, పెద్దాయనా. ఇలా ఎండకీ వానకీ వదిలేస్తే ఇంకో రెండేళ్ళకి దీని— ఏమన్నావ్?"

"తీసుకుపో అన్నా."

"దేన్ని?"

"దేన్నేంటయ్యా! పదకొండేళ్ళుగా నా ప్రాణం తోడేస్తున్నావే, దాన్ని. లారీని."

"ఊరికే అంటున్నావ్."

"ఊరికే అన్లా. పైసా కూడా వద్దు. తీసుకుపో."

"పైసా కూడా వద్దా?"

"నేనన్నదే మళ్ళీ అంటావేం? చెవిలో మిషను పనిచెయ్యట్లేదా?"

"చెవులు బాగానే ఉన్నాయి. ఎర్విన్, నీకు ఒంట్లో బాగానే ఉందా?"

"భేషుగ్గా ఉంది."

"డాక్టరేమైనా అన్నాడా?"

"గుర్రం గుండె అన్నాడు. ఎనభై మూడేళ్ళ గుర్రాన్ని ఎక్కడ చూశాడో నేనడగలా."

"మరి నిరుడు 'నా శవం మీంచి తోలుకుపో' అన్నావ్."

"ఇప్పుడు శవం అక్కర్లేకుండానే తోలుకుపొమ్మంటున్నా. నీకు ఒక పని తగ్గింది."

"తోలుకుపోవడానికి చక్రాలేవీ?"

"ఇసుకలో ఉన్నాయి. తవ్వితే వస్తాయి. పొడినేలలో రబ్బరు చెడదని నువ్వేగా చెప్పావ్."

"నేను చెప్పానా?"

"మూడో ఏడు. మోకాళ్ళ మీద కూలబడి, కుక్కలా రెండు చేతుల్తో తవ్వి మరీ చూపించావ్. 'చూడు, ఎర్విన్, నిన్న బిగించినట్టుంది' అన్నావ్."

"అప్పుడేదో ఉత్సాహంలో అనుంటా. ఇదిగో, ఇంజను మధ్యలోంచి చెట్టు లేచింది చూడు."

"ఆ చెట్టు లేచి ఇరవై ఏళ్ళయింది. దాన్ని చూసి నువ్వు 'కాపలా చెట్టు' అన్నావ్. దొంగలెత్తుకుపోకుండా లారీని కౌగిలించుకుని నిలబడిందన్నావ్. నాకు ఆ మాట నచ్చి పళ్ళ కేకు ఇంకో ముక్క పెట్టా."

"దాన్ని కోసెయ్యాలంటే పాపం కదా."

"పాపమా! నీ జన్మలో ఎన్ని చెట్లు కోసి ఎన్ని లారీలు బయటికి లాగావో నీ రంపానికి తెలుసు."

"పాములుంటాయి."

"పాములు కాదు, పాము. ఒకటే. సీటు కింద ఉంటుంది. మర్యాదస్తురాలు, మనం గట్టిగా దగ్గితే తనే పోతుంది."

"పైకప్పులో చిలుకలు గూడు పెట్టాయి."

"మొన్నే ఎగిరిపోయాయి. ఇంకా?"

"ఇంకా, ఈ కుడివైపు తలుపు లేదు."

"గొర్రెల దొడ్డికి అడ్డం పెట్టా. పీకి ఇస్తా. ఇంకా?"

"ఛాసిస్ కింద తుప్పు..."

"తుప్పు! మొదటి ఏడు నువ్వు దీని కింద వెల్లకిలా పడుకుని ముప్పావుగంట బయటికి రాలేదు. చచ్చావేమోనని కాలితో పొడిచా. లేచొచ్చి ఏమన్నావ్? 'ఇంత శుభ్రమైన ఇనుము ఎక్కడా చూళ్ళేదు' అన్నావ్. నేనప్పుడు 'తుప్పుముద్ద ఇది, నీకెందుకయ్యా' అన్నా. ఇవ్వాళ నా మాట నీ నోట్లోకీ, నీ మాట నా నోట్లోకీ వచ్చి కూర్చున్నాయి. విచిత్రంగా లేదూ?"

"విచిత్రమేమీ లేదు. మనిషన్నాక నిదానంగా చూసుకోవాలి కదా."

"పదకొండేళ్ళు చాల్లేదా నిదానానికి?"

"అసలెందుకిచ్చేస్తున్నావ్? అది చెప్పు ముందు."

"గురువారం ఇనుమువాడు వస్తున్నాడు."

"ఏ ఇనుమువాడు?"

"పాత ఇనుము కొనేవాడు. పొలం అమ్మేశాలే. బ్రాండ్ట్ మనవడు కొన్నాడు, పక్క పొలం వాడే. మంచివాడే గానీ వాడి కోత మిషను పన్నెండు మీటర్ల వెడల్పు. ఏ మూలా ఏదీ అడ్డం ఉండకూడదట. అందుకని నాగళ్ళూ, నీళ్ళ ట్యాంకూ, పాత కంచె తీగా అన్నీ ఒకచోట చేర్చా. గురువారం వచ్చి నలిపి దిమ్మలు చేసి పట్టుకుపోతారు. నువ్వు తీసుకెళ్ళకపోతే ఇదీ ఒక దిమ్మే."

"పొలం అమ్మేశావా."

"ఊఁ."

"నాకు చెప్పలా."

"ఇప్పుడు చెప్తున్నాగా."

"మరి నువ్వు..."

"నేను?"

"ఏం లేదు. బ్లిట్జ్‌ని దిమ్మ చెయ్యడమేంటి, ఎర్విన్! యుద్ధం చేసిన లారీ ఇది."

"వందసార్లు చెప్పా, ఇది యుద్ధం చెయ్యలేదు. యుద్ధమంతా ఒక గిడ్డంగిలో గురకపెట్టింది. నలభై ఏడులో మా నాన్న సైన్యం వేలంలో కొని గోధుమ బస్తాలు మోయించాడు. దీని ఒంటి మీద ఒక్క తూటా దెబ్బ లేదు. సొట్టలన్నీ మా అన్నవి."

"పాతికేళ్ళు బస్తాలు మొయ్యడం యుద్ధం కాదా?"

"ఇదిగో, ఇలాంటి మాటలంటావనే నిన్ను గేటు దాటి రానిస్తున్నా. నిరుడు దీన్ని కొంటానని వచ్చిన ఆ అడిలైడ్‌వాడు ఒక్క మాటైనా మాట్లాడితేనా! వచ్చీరాగానే డ్రోను ఎగరేశాడు. గొర్రెలు బెదిరి మూడు పొలాలవతల తేలాయి."

"వాడికిచ్చెయ్."

"ఎవడికీ?"

"అడిలైడ్‌వాడికి. ఫోన్ నెంబరుంది నా దగ్గర. పెద్ద షెడ్డు, నలుగురు పనివాళ్ళు. రేపే వచ్చేస్తాడు."

"డెస్! నిరుడు వాణ్ణి లారీల రాబందు అన్నావ్. నేను ఇచ్చేస్తానేమోనని రెండోసారి టీ కూడా తాగకుండా ఇక్కడే కాపలా కూర్చున్నావ్."

"రాబందైతే మాత్రం, దిమ్మ చెయ్యడుగా."

"సూటిగా అడుగుతా. దీన్ని గురువారం నలిపేస్తారంటే నీకు బాధ ఉందా లేదా?"

"ఉంది. లేకేం?"

"మరి తీసుకుపోడానికేం రోగం?"

"అదే... చోటు."

"నీ షెడ్డులో నాలుగు లారీలు పడతాయన్నావ్."

"పడతాయి. పడేవి. ఇప్పుడక్కడ పని జరుగుతోంది కదా."

"ఏం పని?"

"ఆ మూడు టన్నుల లారీదే. నీకు చెప్పానే."

"చెప్పావ్. ఎక్కడిదాకా వచ్చింది?"

"రంగు దగ్గరుంది."

"ఏం రంగు?"

"ఆకుపచ్చ."

"మూడేళ్ళ క్రితమూ ఆకుపచ్చే అన్నావ్."

"సైన్యం రంగు కదా, మారదు."

"రంగు మారకపోతే మానె. తడైనా ఆరాలిగా!"

"నీకివన్నీ ఎందుకు? నువ్వు యాభై ఏళ్ళు దీన్ని ఇక్కడ వదిలేసి—"

"వదల్లేదు. ఆ మాట అనద్దని ప్రతిసారీ చెప్తా. ఆపాను. డెబ్భై రెండులో గేరుపెట్టె పట్టేసింది. ఆదివారం చూద్దామని ఇక్కడ ఆపాను."

"ఏ ఆదివారం?"

"అదింకా తేలలా. కానీ ఆపడం వేరు, వదలడం వేరు. వదిలేసినవాడు పొద్దున్నే వచ్చి దీని మీద చెయ్యేసి నిలబడతాడా? నువ్వు మాత్రం 'కాపాడతా, కాపాడతా' అంటావ్. నువ్వు కాపాడిన లారీల్లో పాతది ఏం మిగిలింది చెప్పు. ఇంజను మార్చావా?"

"మార్చా."

"చక్రాలు?"

"మార్చక తప్పుతుందా."

"ఆ మొదటిదానికి క్యాబిన్ కూడా వేరే లారీది పెట్టావ్."

"కుళ్ళిపోతే ఏం చెయ్యను? నెంబరు రేకు మాత్రం దానిదే. ఇత్తడిది."

"అంటే రేకుకి లారీ తగిలించావ్."

"నవ్వు, నవ్వు. ఆ రేకు లేకపోతే అది ఏ లారీ అయినా కావచ్చు. రేకుంది గనక అదే లారీ. అన్నీ మారినా ఇది నేనే అనడానికి ఒక్కటి మిగిలితే చాలు."

"మనిషిక్కూడానా?"

"మనిషి సంగతి నాకు తెలీదు. నేను లారీల మెకానిక్కుని."

"నీకేం మిగిలిందో చెప్పు."

"అదేం ప్రశ్న? ఎండలో నిలబెట్టి!"

"నీడలోకి రా. చెట్టుందిగా, నువ్వు కొయ్యలేనన్న చెట్టు. ఆఁ, ఇప్పుడు చెప్పు. పొద్దుట్నించీ ఒకటడుగుదామని గొంతుదాకా తెచ్చుకుని, పాములనీ చిలుకలనీ మింగేస్తున్నావ్. అదడుగు."

"ఏం లేదు."

"అడగవయ్యా."

"నువ్వెక్కడికి పోతున్నావ్? పొలం అమ్మేశావ్, ఇల్లూ పొలంలోనే ఉంది. పెర్త్‌కేనా? మీ అమ్మాయి దగ్గరికి?"

"పెర్త్ అయితే?"

"పెర్త్ అయితే మూడు వేల కిలోమీటర్లు."

"లెక్క ముందే వేసుకున్నట్టున్నావే."

"నోటికొచ్చింది, అనేశా. అంత దూరం నేనెందుకు వస్తా? ఏ వంక చెప్పి రాను?"

"వంకా? లారీ కోసం కదూ నువ్వొచ్చేది."

"లారీ కోసమే."

"మరి లారీ ఇస్తున్నా. పట్టుకుపో. ఇక నాతో నీకేం పని?"

"ఎర్విన్, కాసేపు ఊరుకో."

"ఊరుకోను. గురువారానికి నాలుగు రోజులుంది. నువ్వు ఊఁ అంటే ఇది బతుకుతుంది. ఎందుకనవో చెప్పు."

"షెడ్డు లేదు."

"ఏంటీ?"

"వినపడిందిగా. షెడ్డు లేదు. అమ్మేశా. మా ఆవిడ కోరల్ పోయాక ఆ ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళినా ఇంకో గది ఖాళీగా ఉన్నట్టుండేది. అమ్మేసి నాలుగేళ్ళయింది. రెండు గదుల అద్దె కొంపలో ఉంటున్నా. సైకిలు పెట్టుకోడానికి కూడా చోటు లేదు."

"మూడు టన్నుల లారీ?"

"లేదు."

"ఆకుపచ్చ రంగు?"

"అదీ లేదు. తిట్టుకో."

"నాలుగేళ్ళుగా షెడ్డు లేనివాడివి, నాలుగేళ్ళుగా వచ్చి నన్ను లారీ అడుగుతున్నావా? పోనీ, నేను ఇస్తానని ఉంటే ఏం చేసేవాడివి?"

"నువ్వివ్వవని ధైర్యం."

"ధైర్యమా!"

"అవును. నీ అంత మొండివాడు ఈ మాలీలో లేడని నమ్మి వచ్చేవాణ్ణి. నువ్వు కాదంటావ్, నేను బతిమాలతా, నువ్వు తిడతావ్, టీ పెడతావ్, ఇటుకలాంటి ఆ కేకు పెడతావ్. సాయంత్రానికి ఇంటికెళ్తా. ఆ వారమంతా బాగుంటుంది. ఊరికే వస్తే 'ఎందుకొచ్చావ్' అంటావని భయం."

"అనను."

"అంటావ్. మొదటిసారి తుపాకీ పట్టుకుని అడిగావ్."

"అది కుందేళ్ళ కోసం. నువ్వు దారిలో అడ్డొచ్చావ్."

"ఏదో ఒకటి. నన్ను నమ్మి ఇవ్వబోయావ్. ఈ ముసలిదాన్ని నిలబెట్టుకోలేని చేతకానివాణ్ణయ్యా. అడిలైడ్‌కి ఫోన్ చేస్తా. ఆ రాబందు కాళ్ళయినా పట్టుకుంటా. దీన్ని మాత్రం నలపనివ్వకు."

"ఫోన్ లోపల పెట్టు."

"నాలుగు రోజులే ఉందన్నావ్ కదా!"

"లోపల పెట్టవయ్యా. నేను పెర్త్ పోవట్లా. హోర్షమ్ వస్తున్నా."

"హోర్షమా? మా ఊరా?"

"మీ ఊరే. జనవరిలో ఏజెంటమ్మ నాలుగిళ్ళు చూపించింది. మూడు నచ్చలా. నాలుగోది వాటిల్ వీధిలో. వెళ్ళావా ఈమధ్య అటు?"

"ఆ వీధి మొహం చూసి నాలుగేళ్ళయింది. మార్కెట్‌కి కూడా చుట్టూ తిరిగిపోతా."

"అందుకే తెలీలేదన్నమాట. ఎవరో పళ్ళ డాక్టరు అమ్మకానికి పెట్టాడు. ఇల్లు చిన్నదే. వెనక షెడ్డు మాత్రం మా గొర్రెల కొట్టమంత ఉంది. కిందికి దిగి పని చేసుకోడానికి గొయ్యి కూడా ఉంది. కొనేశా."

"ఎర్విన్..."

"మధ్యలో రాకు."

"ఎర్విన్, నాకు షెడ్డు లేదని తెలిసే లారీ ఇస్తానన్నావా?"

"తెలిసే. నీ నోటితో నువ్వే చెప్తావా, లేక పాము గురించే ఇంకో ఏడాది లాగుతావా చూద్దామని. ఆ పళ్ళ డాక్టరు షెడ్డులో పడవ పెట్టుకున్నాడు గానీ గోడ జోలికి పోలా. ఏ స్పానరు ఎక్కడ తగిలించాలో నువ్వు గీసుకున్న నల్ల బొమ్మలన్నీ వరసగా అలాగే ఉన్నాయి, ఒక్కొక్కదాని కిందా 'వాడాక తిరిగి పెట్టు, డెస్' అని రాసి మరీ. కాబట్టి గోడ నాది, గొయ్యి నాది, గురువారంలోగా అక్కడికి చేరాల్సిన లారీ నాది. నువ్విక ఒక్కటి చెప్పు: ఆ స్పానర్లు కూడా అమ్మేశావా, లేక మంచం కింద దాచుకున్నావా?"