మిరియాలూ మా బావ ముక్కూ

ఏదీ, ఆ పొట్లం ఇలా తే, వాసన చూస్తాను. అబ్బే. ఇవి మిరియాలేనంటావా తల్లీ? ఫోన్లో అయిదు నక్షత్రాలున్నాయని కొన్నావా? ఆ నక్షత్రాలిచ్చినవాడి ముక్కు ఎలాంటిదో నీకేమన్నా తెలుసా? మా ఇంట్లో దినుసులకి మార్కులు వేసింది ఒకే ఒక్క ముక్కు, మా బావది. మా అక్క మొగుడు, మీ అమ్మకి పెదనాన్న. నువ్వు చూళ్ళేదులే, నువ్వు పుట్టకముందే పోయాడు. మనిషి ఇంతే ఉండేవాడు, ముక్కు మాత్రం ఇద్దరికి సరిపోయేది. గడియారాలు బాగుచేసే షాపులో పని. మా అక్కకేమో దినుసులంటే ఒకటే అనుమానం. మిరియాల్లో బొప్పాయి గింజలు కలిపేస్తారనీ, దాల్చినచెక్క పేరు చెప్పి ఏదో బెరడు అంటగడతారనీ. దుకాణంవాడు, "నీళ్ళలో వేసి చూడమ్మా, మంచివైతే మునుగుతాయి" అంటే, "నీ నీళ్ళెందుకయ్యా, మా ఆయన ఉండగా" అనేది. పొట్లం విప్పి ఆయన మొహం కింద పెట్టేది. లవంగాలు మంచివైతే ముక్కు ఎగబీల్చేవాడు. దాల్చినచెక్కకి ముక్కు నలుపుకునేవాడు. మిరియాలకి మాత్రం తుమ్మాలి. తుమ్మితే కొనడం, లేకపోతే పక్క దుకాణానికి ఈడ్చుకుపోవడం. వాళ్ళిద్దరూ వీధి మలుపు తిరగ్గానే దుకాణాలవాళ్ళు తలుపులు దగ్గరికేసుకునేవాళ్ళు.

నవ్వకే, ఆయన బాధ ఆయనది. కంటికి భూతద్దం తగిలించుకుని, నువ్వుగింజలో సగం ఉండే మరలు ముందు పరుచుకుని కూర్చున్నవాడికి, పొద్దున పీల్చిన మిరియాల తాలూకు తుమ్ము మధ్యాహ్నం వస్తే? ఇంకేముంది, గడియారం గాల్లో కలిసినట్టే. అందుకని, "ఎవరో పిలుస్తున్నారండీ" అని వీధిలోకి పరిగెత్తి తుమ్మొచ్చేవాడు. షాపు పెద్దాయన అమాయకుడు, "నీకు ఊరంతా స్నేహితులేరా" అని మురిసిపోయేవాడు. ఆయనకి పిల్లల్లేరు, చూపు ఆనడం లేదు. షాపు మా బావకి ఇవ్వాలా, ఇంకో పనివాడున్నాడు, వాడికివ్వాలా అని తేల్చుకోలేక, ఇద్దరి ఇళ్ళకీ భోజనానికి వస్తానన్నాడు. మనిషిని ఇంట్లో చూస్తేగానీ తెలీదట. అదేం లెక్కో, మనకెందుకులే.

సరిగ్గా మా ఇంటికి వచ్చే రోజు పొద్దున్నే, స్టేషను వెనక కొత్త దుకాణంలో మా అక్కకి మిరియాలు దొరికాయి. చిన్నవి, నల్లగా, ముడతలు ముడతలుగా. ఒక్క గింజ చితక్కొట్టగానే మా బావ తుమ్మాడు చూడూ, తక్కెడ ఊగిపోయిందట. ఇంటికొచ్చి బావ ఒకటే బతిమాలడం. "ఏవే, ఈ ఒక్కపూటకి ఆ పాతవే వెయ్యవే. ఆయన ముందు తుమ్మానంటే షాపు వాడిదే." మా అక్క వింటుందా! "ఇన్నేళ్ళకి దొరికాయండీ మిరియాల్లాంటి మిరియాలు. ఇంటికొచ్చిన మనిషికి బొప్పాయి గింజలు పెట్టమంటారా? ఓ గంట ఆపుకోలేరూ?" "అది నా చేతిలో ఉందా?" "ముక్కులో ఉందిగా, అక్కడే ఉంచండి." అప్పుడు నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని, ఇదంతా నా ఎదురుగానే. మంచినీళ్ళు అందించే పని నాది.

కోడికూర దింపబోయే ముందు మిరియాలు దంచి పైన చల్లింది. మూత తీసిందో లేదో, నాకే కళ్ళు మండాయి. పెద్దాయన మాత్రం లొట్టలేసుకుంటూ తింటూ షాపు పెట్టిన కొత్తలో సంగతులు చెబుతున్నాడు. బావ ఊ అనడు, ఆ అనడు. నోరు తెరిస్తే తుమ్మే కదా! మొహం వంకాయ రంగుకి తిరిగింది. కళ్ళలోంచి ధారలు. పెదాలు వణుకుతున్నాయి. పెద్దాయన తలెత్తి చూశాడు, ముద్ద చేతిలోనే ఆగిపోయింది. "ఒరే, ఎంతమందికి పని నేర్పాను! నేను షాపు వదిలేస్తున్నానని కన్నీళ్ళు పెట్టుకున్నవాడివి నువ్వొక్కడివేరా" అని, జేబులోంచి తాళాలు తీసి బావ చేతిలో పెట్టేశాడు. ఈయన కనీసం దణ్ణమన్నా పెట్టడే! తాళాలు పట్టుకుని వీధిలోకి ఒకటే పరుగు. ఆ తర్వాత వినాలి నువ్వు, వీధి వీధంతా దద్దరిల్లింది, కుక్కలు లేచి మొరిగాయి. "పాపం, నా ముందు ఏడవలేక బయటికెళ్ళాడు" అని పెద్దాయన కళ్ళు తుడుచుకుంటున్నాడు. మా అక్కేమో, "ఇంకొంచెం కూర వెయ్యనాండీ?"

షాపు దక్కింది గానీ బావకి లోపల ఒకటే గుచ్చుకోవడం, మోసం చేసి తీసుకున్నానని. ఉండబట్టలేక వెళ్ళి చెప్పేశాడు, "అయ్యా, ఆవేళ అది ఏడుపు కాదండీ, మిరియాలండీ" అని. ఆయన భుజం తట్టి, "ఊరుకోరా, మగాడు ఏడిస్తే తప్పేం కాదు" అన్నాట్ట. ఇంకోసారి చెప్పాడు, అంతే. చెప్పినకొద్దీ ఆయనకి ఈయనంటే ప్రేమ ఎక్కువైపోయేది, ఈయనకి తల కొట్టేసినట్టయ్యేది. ఎన్నో ఏళ్ళు అలాగే నడిచిందే ఆ గోల. చివరికి పెద్దాయన మంచాన పడ్డాడు, ఇక లాభం లేదన్నారు. బావ వెళ్ళి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాట్ట. పట్టుకున్నవాడు ఊరుకోలేకపోయాడు. ఒకటే ఏడుపు, ఎంత ఆపుకున్నా ఆగదు. పెద్దాయన కళ్ళు తెరిచి చూసి, అప్పటికి గొంతు కూడా సరిగ్గా రావట్లేదు పాపం, "ఏరా, మిరియాలా?" అన్నాట్ట.

"అవునండీ, మిరియాలే" అన్నాట్ట మా బావ.

ఆ కిటికీ వేసెయ్యవే, దోమలొస్తున్నాయి.