పేరిందేవమ్మ ముక్కు

ఏమ్మా, ఒక్కటడుగుతా, మొహమాటం లేకుండా చెప్పండి. "నాకు తెలీదు" అన్న డాక్టరు దగ్గరికి మీలో రెండోసారి వెళ్లినోళ్లెవరు? ఒక్క చెయ్యీ లేవదే! లేవదని నాకు తెలుసు. మా పేరిందేవమ్మత్తా మీలాంటిదే. అత్తంటే ఎవరనుకున్నారు, మా ఊళ్లో పోలేరమ్మ కొలుపులకి వంట చేసే మనిషి. ఆ వంటకి ఒక కట్టుబాటుంది. అమ్మవారికి పెట్టేదాకా ఎవరూ నోట్లో వేసుకోకూడదు, ఎంగిలైపోద్ది. మరి ఉప్పు చాలిందో లేదో ఎట్టా తెలిసేది? ముక్కుతో! గుండిగ మీద మూత జరిపి, ఆవిరి అట్టా ఒక్కసారి పీల్చి, "ఇంకో గుప్పెడు పడుద్ది" అంటదంట. అందంటే పడాల్సిందే. ఊరంతా ఆ ముక్కుని నమ్ముకుని తిన్నది అనుకోండి.

ఏమైందంటే, అత్తకి బీపీ మాత్ర మొదలెట్టారు. కొన్నాళ్లకి ముక్కు తేడా చేసింది. నెయ్యి కాస్తే తుప్పు వాసన, మల్లెపూలు పెట్టుకుంటే తుప్పు వాసన, కోడలు రాజ్యం పక్కన కూర్చున్నా తుప్పు వాసనే. "నీ పుట్టింటి వాసనేమోలే అనుకున్నానే ఇన్నాళ్లూ" అందంట కోడలితో. నవ్వుతారేం, వాళ్లిద్దరూ అట్టానే మాట్లాడుకుంటారు. కానీ బయట ఎవరికీ చెప్పలా. ముక్కు పోయిందని తెలిస్తే చేతిలో గరిటె పోద్దని భయం. ఇంతలో కొలుపు రానే వచ్చింది. పులిహోరకి పులుసు ఉడుకుతోంది. అత్త ఆవిరి పీల్చింది, తుప్పు తప్ప ఏం తెలీలా. ఎందుకైనా మంచిదని గుప్పెడు ఉప్పు వేసింది. మళ్లీ పీల్చింది, మళ్లీ వేసింది. ఆ పులిహోర తిన్నోళ్లని చూడాల! కళ్లల్లో నీళ్లు, చేతుల్లో చెంబులు. ప్రసాదానికి వంక పెట్టకూడదు కదా, "అమృతం, పేరిందేవీ" అంటా మింగుతున్నారంట. సర్పంచి గారైతే మళ్లీ పెట్టించుకున్నాడు, పాపం, భక్తి. అత్త అదంతా నమ్మేసి, నా ముక్కుకేం బానే ఉంది అనుకుంది. ఇంటికొచ్చాక రాజ్యమే చెప్పింది, "అత్తా, నువ్వు కలిపింది పులిహోర కాదు, సముద్రం" అని. ఆ పూట అత్త అన్నం తినలా.

మర్నాడు రాజ్యం ఆమెని మండలం ఆస్పత్రికి లాక్కెళ్లింది. అక్కడ మృదుల అని డాక్టరమ్మ, చిన్నపిల్ల. మాత్రల అట్ట తిప్పి చూసింది, ముక్కులో లైటు వేసి చూసింది. "కొందరికి మాత్రల వల్ల ఇట్టా అవుద్దమ్మా. ఎందుకవుద్దో మాకూ పూర్తిగా తెలీదు. నీకు దీనివల్లేనా అంటే గట్టిగా చెప్పలేను" అంది. అంతే, అత్త లేచింది. "తెలీనిదానివి ఆ కుర్చీలో ఎందుకు కూర్చున్నావే తల్లీ, ఫ్యాను గాలికా?" అని చక్కా వచ్చేసింది. వచ్చి, పట్నంలో ఇంకొకాయన దగ్గరికి పోయింది. ఆయనకి అన్నీ తెలుసు. నువ్వు నోరు తెరవకముందే తెలుసు! "వారంలో మల్లెపూలు మల్లెపూలలాగే వాసనొస్తాయి, పూచీ నాది" అని చుక్కల మందిచ్చాడు. ఏ మాత్రలు మింగుతున్నావని మాటవరసకైనా అడగలా. వారం పోయింది, నెల పోయింది, తుప్పు తుప్పులాగే ఉంది. అత్తకి ఒళ్లు మండి బీపీ మాత్ర తనంతట తనే ఆపేసింది. ఒకరోజు బూరెలు వేస్తా వేస్తా కళ్లు తిరిగి ముందుకి తూలింది. రాజ్యం ఒడిసి పట్టుకోబట్టి సరిపోయింది, లేకపోతే కాగే నూనెలో పడేది మనిషి. ఇక్కడ నేను నవ్వించట్లా, వినండి.

రాజ్యం మళ్లీ మండలం ఆస్పత్రికే తీసుకుపోయింది. డాక్టరమ్మ ఒక్క మాట తిట్టలా. బీపీ తగ్గేదాకా పడుకోబెట్టి, అప్పుడు చెప్పింది. "మాత్ర మార్చి చూద్దాం. నీ అంతట నువ్వు మాత్రం ఆపమాక. వాసన రావొచ్చు, సగమే రావొచ్చు, అసలు రాకపోనూవచ్చు. నెలలు పట్టుద్ది." "ఇదేం మాటే? వచ్చుద్దని చెప్పు!" అంది అత్త. "చెప్తే ఇవాళ నీకూ సంతోషమే, నాకూ సంతోషమే. రాకపోతే?" అంది డాక్టరమ్మ. "సరేగానీ అమ్మా, పులుసులో ఉప్పెంత పడుద్దో నువ్వు ముందే చెప్తావా?" "చింతపండు చూడకుండా ఎట్టా చెప్తారే పిచ్చిదానా! కొంచెం వేసి, ఆవిరి చూసి, మళ్లీ..." అని ఆగిపోయిందంట. డాక్టరమ్మ నవ్వింది. "నవ్వావంటే పళ్లు రాలగొడతా" అందంట అత్త. ఇక చూడండి, కొత్త మాత్ర మింగుతా, వారం వారం సంతకి పోయినప్పుడల్లా ఆ పిల్ల ముందు కూర్చునేది. వెల్లుల్లి ఇట్టా ఉంది, పేడ ఇట్టా ఉంది, నీ సబ్బు మాత్రం దరిద్రంగా ఉంది అని చెప్పేది. ఆ పిల్ల అంతా వినేది.

వానలు తగ్గాక ఒకరోజు పొద్దున అత్త వాకిట్లోంచి అరిచింది, "ఎవత్తే కరివేపాకు మాడ్చింది?" అని. రాజ్యం గరిటె అక్కడే వదిలేసి వచ్చి అత్తని కావిలించుకుని ఒకటే ఏడుపు. మాడ్చింది తనే మరి! కానీ నెయ్యి వాసన రాలా. మల్లెపూలదీ రాలా. డాక్టరమ్మని అడిగితే, "ఇంక రాదేమోనమ్మా, నాకు తెలీదు" అని చెయ్యి పట్టుకుని కూర్చుందంట. అత్త కాసేపు ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "ఈ మాట చెప్పడానికి నీకెంత కష్టమైందే" అని ఆ పిల్ల తల నిమిరింది. ఇప్పుడు కొలుపప్పుడు గుండిగ మీదకి రెండు ముక్కులు వంగుతాయి. "కోడలిది కాస్త వంకరే, అయినా పనికొస్తంది" అంటది అత్త.

మనం డాక్టర్ని దేవుడంటాం, నయం కాకపోతే దొంగంటాం. మనిషి అని ఒక్కసారి అనుకుంటే ఏం పోయింది? అన్నీ తెలియాలని వాళ్లని పీక్కుతినడం మానుదాం. అడగకుండా, వినకుండా పూచీ పడినోణ్ణి మాత్రం నిలదీయకుండా వదలొద్దు. మీ ఇళ్లల్లో మాత్రలు మింగుతా, ఒంట్లో ఏదో తేడాగా ఉన్నా నోరెత్తని మనిషి ఒకరుంటారు, మీకు తెలుసు ఎవరో. మాత్ర ఆపనివ్వొద్దు. రేపు పొద్దున్నే ఆ అట్టలన్నీ సంచిలో వేసి, ఆ మనిషిని ఆస్పత్రికి తీసుకుపోండి. ఇంకా కూర్చున్నారేం? లేవండి, ఇంటికి పోయి ఒంట్లో ఎట్టా ఉందో ముందు అడగండి.