రాహేలమ్మ రెండు నూనెలు

ఏంది మ్మే మధులతా, అన్ని సీసాలు ముందరేసుకోని కూచున్యావు? తలకా? ఎండాకాలానికి ఒకటి, వానకాలానికి ఇంగొకటా? నవ్వల్యా పాపా, నువ్వు చేసేది సరిగ్గానే ఉండాది. ఈ యవ్వారం మీద ఒకాయమ్మ తన తలే పందెం కట్టినాది తెల్సా? రాహేలమ్మ అని. నేను కోడుమూరు పక్క ఆడపిల్లల హాస్టల్లో వాచ్‌మెన్‌గా ఉన్న దినాల్లో ఆడ ఆయాగా చేస్తాండె. చర్చి వీధి మనిషి. మొగుడు పోయినాడు, పిల్లల్లేరు. మాట శానా తక్కువ. ఆడ వంట చేసే మా సుబ్బక్క ఆయమ్మతో పది మాటలు మాట్లాడించల్లంటే... సరే, అదట్ల పెట్టు.

ముప్పై ఎనిమిది మంది పిల్లలు. బోరు నీళ్ళు ఉప్పు. మార్చి వస్తే మన గాలి ఎట్లుంటాదో నీకు చెప్పాల్నా, పొయ్యి ముందర నిలబడినట్లే. పొద్దున పెట్టిన కొబ్బరినూనె బడి గంట కొట్టేలోపల ఇంకిపోయి, ఎంటికలు నార మాదిరి లేస్తాండె. దువ్వితే తెగుతాయి, దువ్వకుంటే చిక్కులు, చిక్కుల్లో పేలు. కొత్తగా వచ్చిన వార్డెన్ మేడం సముద్రం పక్క ఊరామె. చెడ్డ మనిషి కాదు, ఓపిక లేదంతే. "కొబ్బరినూనె ఇస్తూనే ఉన్నాం కదా, ఇంకేం చెయ్యాలి? తిమ్మయ్యా, ఆదివారం క్షవరం చేసే అతన్ని పిలువు, అందరికీ పొట్టిగా కత్తిరించేద్దాం" అనె. పిల్లలు అన్నాల ముందర కూచోని ఒకటే ఏడుపు. చౌడేశ్వరి అని నేతోళ్ళ పిల్ల ఒకతి, మోకాళ్ళ దాంక జడ. వాళ్ళమ్మ పెంచిన జడ అది, ఆయమ్మ చచ్చిపోయి అప్పటికి ఏడాది. ఆ పిల్ల మాత్రం ఏడవల్యా. జడ చేతికి చుట్టుకోని గోడకు ఆనుకోని కూచున్యాది.

రాహేలమ్మ అది చూసె. చేతులు కడుక్కోని నేరుగా ఆఫీసు రూములోకి పోయె. "ఈస్టర్ దాంక టైమియ్యండి మేడం. ఈ పిల్లల్లో ఏ ఒక్కరి తల మీద కత్తి పెట్టాల్సి వచ్చినా, ముందు నా తల మీద పెట్టండి" అనె. మేడం నవ్వుతా "సరే చూద్దాం" అనె. ఇంగ మరుసటి దినం నుంచి నాకు పని. సైకిలేసుకోని చేన్ల గట్లెంబడి ఆమిదం గింజల కోసం తిరగల్ల. ఆయమ్మ వాటిని వేయించి, దంచి, నీళ్ళల్లో ఉడకబెట్టి, పైకి తేలిన ఆమిదాన్ని గరిటెతో తీస్తాండె. పిల్లలు ముక్కులు మూసుకుంటే "నేను పూసుకోల్యా, చచ్చిపోయినానా?" అంటాండె. గోరువెచ్చగా పట్టించి, వారానికి ఒక్కసారే తలంటు. కడాన పోసే నీళ్ళు మాత్రం బోరువి కాదు, మైలు దూరం మంచినీళ్ళ బాయి నుంచి తానే బిందెలు మోస్తాండె. ఈస్టర్‌కు ముందర శనివారం మేడం దువ్వెన తీసుకోని చౌడేశ్వరి తలలో పెడితే కొస దాంక జారిపాయె. క్షవరం మాట మళ్ళా ఎత్తల్యా.

ఆడికి అయిపోయింటే బాగుండు. ఆ ఏడు ఆగస్టులో ముసురు పట్టుకున్యాది పాపా, పదైదు దినాలు ఇడవల్యా. గాలంతా చెమ్మ. రాహేలమ్మ అదే ఆమిదం అట్లే పట్టిస్తాండె. తలలు ఆరవు, ఒకటే జిగట, నెత్తిన సెగ్గడ్డలు. చౌడేశ్వరికి జడ ఒత్తు గదా, ఆ పిల్లకే ఎక్కువ. డాక్టరు చూసి "తల గీయకుంటే మందు పట్టదు" అనె. రాహేలమ్మ ఆ పూట అన్నం ముట్టల్యా. మేడం కాడికి పోయి, "తప్పు నాదే మేడం. ఎండకు పనికొచ్చింది ఈ తేమకు పనికిరాదని నాకు తెలీకపాయె. మీ ఊర్లో గాలి ఎప్పుడూ ఇట్లే ఉంటాదంట గదా, మీరేం చేస్తారో చెప్పండి" అని అడిగె. ఎంతమందికి వస్తాది చెప్పు ఆ మాట? మేడం కుర్చీ చూపించి కూచోమనె. "కొబ్బరినూనె, పల్చగా, కొసలకే. నెత్తికి వద్దు. పూర్తిగా ఆరాకే జడ" అని బీరువాలో ఉన్న టిన్ను తీసిచ్చె.

తెల్లారి క్షవరం చేసేటాయప్ప వస్తే, ఆ పిల్ల కంటే ముందు రాహేలమ్మ పీట మీద కూచున్యాది. "గడువు ఎప్పుడో దాటిపాయె గదక్కా, నీకేం పట్టె?" అంటి నేను. "పక్కకు జరుగు తిమ్మయ్యా" అని కొప్పు విప్పె. నడుము దాంక ఉండె, అంతవరకు ఎవురూ చూళ్ళేదు. గుండు అయినాక చౌడేశ్వరిని పక్కన కూచోబెట్టుకోని చెయ్యి పట్టుకున్యాది. అప్పుడు ఏడ్చె ఆ పిల్ల, ఏడాది పైనుంచి దాచిపెట్టిందంతా. మిగతా ముప్పై ఏడు జడలు నిలిచె. ఆ తర్వాత రాహేలమ్మ అరలో రెండు నూనెలూ ఉంటాండె, కాలాన్ని బట్టి తీస్తాండె.

ఆయమ్మ పోయి ఇరవై ఏండ్లాయె. ఆ పొద్దు చౌడేశ్వరి ఆత్మకూరు నుంచి వచ్చె, ఇద్దరు బిడ్డల తల్లి. శవపెట్టె మూయబోతాంటే ఆగమనె. "తల పీచు మాదిరి ఉండాది, ఇట్ల పంపుతారా?" అనె. ఏం నూనె తేవల్లమ్మా అని నేనడిగితే, బయటికి పోయి ఎండలో ఒక గడియ నిలబడి వచ్చి "ఆమిదం తిమ్మయ్యన్నా" అనె. నెరిసిన ఎంటికలు పాయ పాయ తీసి, కొస దాంక పట్టించి, నిదానంగా జడేసె. పాస్టరు బైబిలు మూసి పక్కన నిలబడుకున్యాడు. ఎవురూ తొందర పెట్టల్యా...

ఆ తలుపు దగ్గరికెయ్యి పాపా, దుమ్ము వస్తాండాది.