సిద్ధంగా ఉంచిన బ్యాటరీలు

హలో… ఆ, నేనే వదినా. చెప్పు.

… చూశావా? కట్ట మీద నుంచి కనిపిస్తుందిలే. అవును, డ్రోన్ దించేశాం. పదిన్నరకే దించేశాం.

… లేదు, దొరకలేదు. అన్నయ్య దొరికితే ముందు నీకేగా చెప్పేది. నీటిమట్టం రాసుకునే ఆ స్తంభం దగ్గర్నుంచి, అన్నయ్య పడవ బోల్తాపడి దొరికిన చోటు దాకా పొద్దున ఇంకోసారి జల్లెడ పట్టాం. తుంగ లోపలికి వెళ్దామనుకునేసరికి…

… భోజనానికి కాదు వదినా. మూడు రోజులుగా ఇక్కడ ఎవరూ కుదురుగా కూర్చుని అన్నం తినలేదు. డ్రోన్ ఇవాళ మళ్ళీ లేవదు. ఆ మాట నేనే నీకు చెప్దామనుకుంటున్నాను. అనుకుంటూనే గంటన్నర నుంచి ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

… ఉండు. నువ్వు ముందు కూర్చో. ఆ రాళ్ళ మీదైనా సరే, కూర్చో. పాప ఎవరి దగ్గరుంది?

… సరే. మీ అమ్మ దగ్గరే ఉండనీ. ఇక్కడికి తీసుకురావద్దను.

… డ్రోన్‌కి ఏం కాలేదు. రెక్కలు బాగున్నాయి, కెమెరా బాగుంది. బ్యాటరీలు పోయాయి.

… ఛార్జింగ్ అయిపోవడం కాదు. అయిపోతే మళ్ళీ పెట్టుకుంటాం, అదెంత పని. ఇవి పాడయ్యాయి. ఉబ్బిపోయాయి. మొత్తం అయిదు. నిన్నటికే మూడింటిని పక్కన పెట్టేశాం. పొద్దున నాలుగో నంబరు వేసి ఎగరేస్తే, దిగేటప్పుడు దాన్లోంచి పొగలొచ్చాయి.

… ఆ, నువ్వు చూసిన పొగ అదే. మా గద్ద… అదే, డ్రోన్ నడిపేవాడు, పొడుగ్గా ఉంటాడు చూడు. వాడు పరిగెత్తుకెళ్ళి దాన్ని బయటికి లాగాడు. లాగకపోతే డ్రోన్ మొత్తం పోయేది. అరచెయ్యి కాలింది.

… బాగానే కాలింది. కుడి చెయ్యి. ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

…

… ఒకటి ఉంది. నీతో అబద్ధం ఎందుకాడతాను? రెండో నంబరు. నా ముందే ఉంది, బల్ల మీద.

… వద్దు.

… వద్దు వదినా. అది మాత్రం అడగకు.

… తెలుసు. ఛార్జరు మీద తొంభై ఆరు శాతం అని ఉంది. అది అలాగే అంటుంది. పొద్దున నాలుగో నంబరు నలభై చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా తొమ్మిదికి పడింది. మధ్యలో ముప్ఫై లేదు, ఇరవై లేదు. అప్పుడు డ్రోన్ నీళ్ళ మీదుంది. కట్ట దాకా ఎలా లాక్కొచ్చాడో వాడికే తెలియాలి. ఆ అంకెల్ని నేను నమ్మను.

… మరి ఎలా తెలుస్తుందంటే… చేత్తో తెలుస్తుంది. కొత్తలో ఇది పలకలాగా సాపుగా ఉండేది. ఇప్పుడు గాజుబల్ల మీద కుదురుగా కూర్చోవట్లేదు. వేలితో ఈ మూల నొక్కితే ఆ మూల లేస్తోంది, కాలు పొట్టిదైన పీటలాగా. పక్కన అతుకు విడింది, గోరు దూరుతోంది. ఛార్జింగ్‌లోంచి తీసి గంట దాటింది, ఇంకా వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే తియ్యటి వాసన. గోళ్ళరంగు తుడిచే మందు లేదూ, అలాంటిది. ఆ వాసన బయటికొచ్చిందంటే లోపల ఎక్కడో చిరిగినట్టే.

… పది నిమిషాలా? పది నిమిషాలు ఎగురుతుందేమో. రెండో నిమిషంలోనే అంటుకుంటుందేమో. నాకు తెలీదు. తెలీదు కాబట్టే వద్దంటున్నాను.

… పడితే ఏమవుతుందా? ఒక మాట చెప్పనా. దాని కింద నడుంలోతు నీళ్ళలో పదకొండు మంది నడుస్తున్నారు. పైన తుంగంతా ఎండిపోయి ఉంది, నువ్వు చూస్తూనే ఉన్నావుగా. మండుతున్నది దాని మీద పడితే… ఆ తుంగలోనే అన్నయ్య ఉంటే?

…

… వదినా, ఏడువు. నేనేం కట్ చెయ్యను.

…

… ఇవి కొని ఏడాదే. అవును, సరిగ్గా ఏడాది. నీకు గుర్తుందా? ఆ బ్యాటరీల పెట్టె వ్యాన్‌లోంచి దించి అన్నయ్యే లోపలికి మోసుకొచ్చాడు. నేను వెనకాల నుంచి జాగ్రత్త జాగ్రత్త అని ఒకటే గోల.

… లేదు, ఏడాదికే ఇలా అవ్వవు. బాగా చూసుకుంటే మూడేళ్ళు వస్తాయి.

… నేను బాగా చూసుకోలేదు. అదే చెప్తున్నాను.

… కాదు, నిన్ను ఓదార్చడానికి అనట్లేదు. నా మాట విను. వీటిని వాడకుండా పెట్టేటప్పుడు సగానికి దించి పెట్టాలి. నిండుగా నింపి రోజుల తరబడి ఉంచితే లోపల్లోపలే చెడతాయి. మాకు శిక్షణలో మొదటి రోజే చెప్పారు. నేను పుస్తకంలో రాసుకున్నాను కూడా.

… ఎందుకంటే, పోయినేడు మతిమరుపు ముసలాయన ఒకాయన ఇంట్లోంచి వెళ్ళిపోయాడు, గుర్తుందా? రెండు రోజులు నేను అన్నం ముట్టలేదు, నువ్వే వచ్చి బతిమాలావు. అప్పుడు నీకు చెప్పలేదు. పిలుపొచ్చేసరికి బ్యాటరీలన్నీ సగం మీదున్నాయి. ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. సగంతో ఎగరేయకూడదు మాకు, నింపేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఎగిరిన నాలుగో నిమిషానికే ఆయన కాలవలో కనబడ్డాడు. అరగంట ముందు తెచ్చి ఉంటే బతికేవాడన్నాడు డాక్టరు. ఆయన కూతురు నావంక చూసింది.  తిట్టినా బాగుండేది.

… ఆ. ఆ రోజు నుంచి ఒక్కసారి కూడా సగానికి దించలేదు. రోజూ పొద్దున్నే వచ్చి అయిదూ నిండుగా ఉన్నాయా లేదా అని చూసుకునేదాన్ని. కొంచెం తగ్గితే మళ్ళీ పెట్టేదాన్ని. పిలుపొస్తే రెండు నిమిషాల్లో లేవాలని నా పంతం. మా రక్షణ కేంద్రం కెప్టెన్‌గారు కొత్తవాళ్ళకి నన్ను చూపించి మెచ్చుకునేవారు. అన్నయ్య ఏమనేవాడు? నీకు పెళ్ళి చేస్తే మొగుణ్ణి కూడా ఛార్జింగ్‌కి పెడతావే అని…

… నవ్వొచ్చిందా? నవ్వులే. నాకూ వచ్చింది.

…

… ఏడాదంతా సిద్ధంగా కూర్చున్నాయి వదినా. ఈ మూడు రోజులకి ముందు ఎగిరింది పదకొండు సార్లే. తీరా అన్నయ్య కోసం ఎగరాల్సిన రోజుకి ఒక్కటీ మిగల్లేదు. నా చేతులతో నేనే చంపాను వాటిని.

…

… ఏమన్నావ్?

… వేరేవాళ్ళ అన్న అయితే ఇలాగే చేతులెత్తేసేదాన్నా అనా? అడగాల్సిందే. అడిగావు, మంచిదయింది. వేరేవాళ్ళ అన్న అయితే ఆ నాలుగో నంబరు పొద్దున ఈ గది గడప దాటేది కాదు.

… అవును. అదీ ఊగింది. ఇదే బల్ల మీద, ఇలాగే. చూశాను. చూసి కూడా గద్ద చేతికిచ్చి, బాగానే ఉంది వెళ్ళన్నాను. వాడు డ్రోన్ అరలో పెట్టబోతే పట్టలేదు. ఇరుగ్గా ఉందేంటి అక్కా అన్నాడు. కొంచెం గట్టిగా నొక్కు, పడుతుంది అన్నాను. నా మాట మీద నొక్కాడు.

… ఇద్దరు పిల్లలు వాడికి. అంబులెన్సు ఎక్కేటప్పుడు కూడా, మీ అన్నయ్యకేం కాదక్కా అన్నాడు నాతో. వాడికి చెప్పలేదు. కెప్టెన్‌గారికీ చెప్పలేదు. నీకే మొదట చెప్తున్నాను. సాయంత్రం వాళ్ళకీ చెప్తాను, ఆ తర్వాత నన్నేం చేస్తారో చెయ్యనీ.

…

… కొత్తవి వస్తాయి. ఎల్లుండి సాయంత్రానికి. ఎంత తొందరపెట్టినా అంతకుముందు రావు. పక్క కేంద్రం వాళ్ళని కూడా అడిగాం, వాళ్ళవి దీనికి పట్టవు.

… ఎల్లుండి ఎగరేస్తాం. ఎగరేస్తాం కానీ…

… ఏం లేదు.

… వదినా, నువ్వే తవ్వి తవ్వి అడుగుతున్నావు. సరే. ఆ కెమెరా మనిషిని చూడదు. వేడిని చూస్తుంది. ఒంట్లో వేడుంటేనే తెర మీద తెల్లగా కనబడతాడు. ఇవాళ్టికి మూడు రోజులు, ఈ చలిలో, ఆ నీళ్ళలో. ఎల్లుండికి అయిదు.

… అర్థమైందిగా. ఇంకోసారి చెప్పించకు నాతో.

…

…

… తిట్టు. ఇంకా తిట్టు. నాకు బావుంది.

… కెప్టెన్‌గారు పక్కనే ఉన్నారా? ఏమంటున్నారు?

… నేను సరే అంటే ఎగరేస్తానంటున్నారా? అంటారు. బ్యాటరీ విషయంలో మా దగ్గర నా మాటే చివరి మాట. పనికిరాదని నేను ఎర్ర టేపు చుట్టానంటే ఇక దాన్ని ఆయన కూడా ముట్టుకోరు. చుట్టేదాకా ఆయన ఆశ పెట్టుకుంటారు. నువ్వూ పెట్టుకుంటావు.

… నేనా? నేను పెట్టుకోకుండా ఉంటానా? పొద్దుట్నుంచి దీన్ని ఎన్నిసార్లు బల్ల మీద పెట్టి చూశానో. ఈసారి ఊగదేమో, ఈసారి ఊగదేమో అని. టేపు లేకుండా ఇది ఇలాగే ఉంటే, ఇంకో అరగంటకి నేనే దీన్ని చంకలో పెట్టుకుని నీ దగ్గరికి పరిగెత్తుకొస్తాను. పొద్దున ఇవ్వలేదా ఒకటి? నన్ను నేను నమ్మను వదినా.

… లేదు, ఇప్పుడే. టేపు చేతిలోనే ఉంది.

… క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, నాకు తెలుసు.

… కట్ చెయ్యకు. లైన్లోనే ఉండు, ఏమీ మాట్లాడకపోయినా సరే. ఒక్కదాన్నే చెయ్యలేను. దీనికి రెండు చేతులూ కావాలి. ఫోన్ బల్ల మీద పెడుతున్నాను.