పది లక్షల తొమ్మిది

సకల జనుల సమ్మె రోజులు. గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్ల వరసలో ఓ ఇంటి వాకిట్లో, చూపు మందగించిన రిటైర్డ్ లెక్కల సారు దయాసాగర్ కుర్చీలో కూర్చున్నాడు. ఎదురుగా ఇంటాయన నిలబడ్డాడు.

“కూసో సదయ్యా, నిలవడ్డవేంది?”

“పర్వాలేదు సార్. ఎండల గింత దూరం నడిసొచ్చిండ్రు, నీళ్లు తాగుండ్రి. ముందుగాల ఒక మాట—”

“నన్ను చెప్పనియ్యి. ఆగితే మల్ల నోరు రాదు. పదో తరగతిల బోర్డు మీద పది లక్షల తొమ్మిది రాసిన, యాదికున్నదా?”

“ఎన్నిసార్లు విన్ననో సార్.”

“ఏంది?”

“ఏం లేదు. చెప్పుండ్రి.”

“ఇది ప్రధాన సంఖ్య, ఒకటితోని, దాంతోని తప్ప దేంతోని పోదన్న. మూడుతోని పోలే. ఏడుతోని మూడు మిగిలింది, పదకొండుతోని పది మిగిలింది. నూరు దాక చూసి ఆపేసిన. వెయ్యి దాక చూడాలె. చూడలే.”

“గప్పుడు మీకు మస్తు పనులుండె...”

“పని కాదు, బద్ధకం. తెల్లారి నువ్వు లేశినవు. ‘రెండువందల తొంభై మూడుతోని పోతది సార్’ అన్నవు. నాకు మండింది. నీ నోటుబుక్కు చూడనే లేదు. బోర్డు కాడికి పిలిచి గుణించి చూపియ్యమన్న. బెత్తం పట్టుకోని పక్కకే నిలవడ్డ.”

“చెయ్యి వణికిందట... వణికింది సార్.”

“వణికింది. ఒక్క అంకె తప్పింది. క్లాసంత నవ్వింది. నేను గూడ నవ్విన సదయ్యా.”

“ఊకోండ్రి సార్. ఎప్పటి ముచ్చట.”

“ఇరవై తొమ్మిదేండ్ల ముచ్చట. మొన్న మా మనుమరాలు కెరోలిన్‌కు అదే సంఖ్య ఇచ్చిన. ‘తాతా, ఇది ప్రధాన సంఖ్య గాదు’ అని తెచ్చి ముందల పెట్టింది. రెండువందల తొంభై మూడు, మూడువేల నాలుగువందల పదమూడు. గుణిస్తే సరిగ్గ పది లక్షల తొమ్మిది. నువ్వు చెప్పిందే.”

“సార్, జర నా మాట వినుండ్రి—”

“నువ్వు మల్ల బడికి రాలే. బొగ్గు బాయిల దిగినవని విన్న. విని గూడ పిలవలే. నన్ను మాఫ్ చెయ్యి.”

“అయ్యో, నా చేతులు వట్టుకుంటరేంది! ఇడువుండ్రి సార్. మాఫే, మాఫే.”

“అట్ల కాదు. సదయ్య మాఫ్ చేసిండని నోటితోని చెప్పు.”

“చెప్పలేను సార్.”

“ఇంకా కోపమేనా?”

“కోపం గాదు. నేను నర్సింగాన్ని సార్, తమ్ముణ్ణి. అన్న పచ్చకామెర్లతోని పోయిండు. నాలుగు నెలలైంది.”

“పోయిండా...”

“ముందుగాల్నే చెప్దామనుకున్న. మీరు చెప్పనియ్యలే.”

“నర్సింగం... మరి ఎప్పుడన్న మల్ల గుణించి చూసుకున్నడా? తనదే కరెక్టని తెలిసిందా ఆయనకు?”

“చూసుకోలే సార్. తప్పు తనదేనని సచ్చేదాక అన్నడు. బిడ్డ డిగ్రీల లెక్కలు తీసుకుంటనంటే, మన నెత్తురులనే లెక్కలు లేవని వద్దన్నడు.”