నీ పేరు మీద సంతకం

మళ్ళీ ఆ మొండితనమేనా? పోయాక కూడానా? లోకమంతటి చేతా ఔననిపించినవాణ్ణి, పెళ్ళాం దగ్గర మాత్రం ఎప్పటికీ ఓడిపోవాల్సిందేనా?

ఆ ఖాళీ కుర్చీలోంచి అలా చూడకు. నేనెవర్ననుకున్నావు? అచ్చుపుస్తకాన్ని పైకి చదివే సాఫ్ట్‌వేర్ రాసినవాణ్ణి! నేను టైపు చేస్తుంటే వానొచ్చిందనుకుని పక్కింటావిడ ఆరేసిన బట్టలు తీసుకుపోయేది! సరే సరే... సగం నువ్వే రాశావు. నవ్వకు.

లైసెన్సూ ఇద్దరమే రాశాం. మన సాఫ్ట్‌వేర్ని ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. మార్చి పంచితే మాత్రం ఆ మార్పులు అందరికీ తెరిచి పెట్టాలి. ఆ ఒక్క షరతు దగ్గరే పేచీ. చదివే పెట్టె చవగ్గా చేసి చూపులేనివాళ్ళకి ఇస్తామని కంపెనీవాళ్ళొచ్చారు. షరతు తీసేస్తేనే అన్నారు. నువ్వేమన్నావు? "చూపులేనివాళ్ళ చేతిలో, ఎవరూ లోపలికి చూడకూడని పెట్టె పెడతారా?" అన్నావా లేదా?

నిజమేనోయ్. పోనీ మీ మార్పులు రెండేళ్ళకైనా తెరవండని కంపెనీవాళ్ళకి రాసి చూపించాను. తల అడ్డంగా ఊపారు. ఇంతలో అంధుల బడి సంగీతం మాస్టారు ఫోన్ చేసి దులిపేశాడు. "అయ్యా, మీ సూత్రం మా పిల్లలకి పాఠం చదివి పెడుతుందా?" ఆ మాటతో, షరతు తీసేద్దామనే నిశ్చయించుకున్నాను.

లైసెన్సు మార్చాలంటే కోడ్ రాసిన ప్రతివాళ్ళూ ఒప్పుకోవాలి. మన తర్వాత తలో చెయ్యీ వేసినవాళ్ళందర్నీ ఒప్పించాను. మిగిలింది నువ్వు. వకీలు ఏమన్నాడో తెలుసా? "ఆవిడ వారసులు మీరే కదండీ, ఆవిడ తరఫున సంతకం పెట్టేయండి" అట! ఎంత తేలిక! చచ్చినా ఒప్పుకోనన్న మనిషివి, చచ్చాక నీ చేత ఔననిపించనా?

ఇంకో దారి ఒకటే ఉంది. కోడ్‌లో నువ్వు రాసిన వరుసలు తీసేసి, వాటివంక చూడకుండా ఆ పని నేనే కొత్తగా రాయడం. వాటిలో అసలైనవి ఏవో తెలుసుగా? చదివే గొంతు ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో చెప్పేవి.

ఆ మధ్య ఓ పొద్దున కూర్చున్నాను. తీసేశాను. ఒక్కొక్కటే.

వాటి చోట నేను రాసింది పెట్టి విన్నాను. అబ్బ! వెనకాల కుక్క తరుముతున్నట్టు ఒకటే పరుగు!

దాన్నే ఆ సంగీతం మాస్టారికి పంపాను. ఏదో ఒక లోపం పట్టుకుంటాడనుకున్నాను. "బ్రహ్మాండంగా ఉందండీ, పిల్లలు ఒకటే సంబరం" అన్నాడు. అంతే. ఏదో పోయిందని ఒక్కడికీ తెలీలేదోయ్.

నీ పేరు మీద అబద్ధం ఆడలేక నిన్నే చెరిపేశాను. పిల్లలకి పెట్టెలొస్తాయి. ఇంతకన్నా నా చేత కాలేదు. తిట్టుకుంటావో ఏమో, నీ ఇష్టం.